పొణికి పక్షి ఎగిరిన రోజు

ఇప్పుడంటే ఎండ మండిపోతోందని విసుక్కుంటాం గానీ, చందనవాడ రాజ్యంలో ఒకప్పుడు జనం ఎండ కోసం మొహం వాచిపోయారు. పగటిపూట నిద్ర పట్టడం లేదని కంబళాసురుడనే రాక్షసుడు తన మబ్బు దుప్పటిని ఆ రాజ్యం మీద పరిచేశాడు. ఆనాటి నుంచి అక్కడ సూర్యుడు లేడు, నీడలు లేవు. ఆరేసిన బట్టలు ముక్కిపోయేవి, పైర్లు తాలుపోయేవి. రాజుగారి సైనికులు బాణాలు వేసి వేసి చేతులు నొప్పి పుట్టి ఊరుకున్నారు. పాపం, దుప్పటికి బాణాలంటే లెక్కేముంది!

ఆ రాజధానిలో కొయ్యబొమ్మలు చేసే ముత్యాలయ్యకు వకుళ ఒక్కతే మనవరాలు. దుప్పటి కిందే పుట్టిన పిల్ల. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లను తాత ఎండ కబుర్లతో పెంచాడు. బొమ్మలకు రంగులేసి అరుగు మీద పెడితే తాంబూలం నమిలేలోగా ఆరిపోయేవట. వాకిళ్లలో మిరపకాయలు ఎండుతుంటే వీధంతా తుమ్ములేనట.

రానురాను ముత్యాలయ్య చూపు మసకబారసాగింది. "ఉన్న చూపు పోయేలోగా ఒక్కసారి ఎండ చూస్తే చాలే, అమ్మడూ," అన్నాడొకనాడు. ఆ మాట వకుళ మనసును పట్టుకుని వదల్లేదు.

ఆమె అడవి దాటి, కొండకొమ్మున ఉండే గండభేరుండ పక్షిని వేడుకుంది. "స్వామీ, నీ రెక్కల మీద నన్ను మబ్బుల్లోకి తీసుకెళ్లవా?"

"నా రెక్కల గాలికి ఆ దుప్పటి ఇంకా బిగుస్తుంది, తల్లీ," అంటూ పక్షి రెండు తలలూ అడ్డంగా ఊపింది. "లాగితే వచ్చేది కాదది. వాడంతట వాడే తీయాలి. నువ్వే వెళ్లి వాడితో మాట్లాడు. నీ చేత్తో చేసుకున్న రెక్కల మీద వెళ్లు."

తాతా మనవరాలూ ఇంట్లోనే పనిలోకి దిగారు. బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్రనే పక్షిలా చెక్కి, చింతగింజల జిగురుతో అతికించి, రెక్కలకు నూలుబట్ట బిగించారు. కింద చక్రాలు అమర్చి, కాలితో తొక్కితే రెక్కలాడేలా తాళ్లు కట్టారు. అంతా అయ్యాక బయటికి తీద్దామంటే పక్షి గుమ్మంలో పట్టలేదు! అరచేతిలో పట్టే బొమ్మలు చేసేవాళ్లకు గుమ్మం కొలవాలని తోచలేదు మరి.

"రెక్కలు విప్పుదామా, తాతా?"

"అతికినవి విప్పితే మళ్లీ అంత గట్టిగా కూర్చోవు." పెళ్లయిన కొత్తలో తన చేత్తో పెట్టుకున్న గోడను ముత్యాలయ్య ఒకసారి తడిమాడు. "గడ్డపార తేవే," అన్నాడు.

గోడ పడిపోయింది. ఊరవతలి దిబ్బ మీదికి పక్షిని మోసుకెళ్లారు. చూడ్డానికి ఊరంతా కదిలింది. వకుళ ఎక్కి గబగబా తొక్కింది. పక్షి దిబ్బ దిగుతూ ఒక్క గెంతు గెంతి, ముక్కు నేలకు పొడిచింది.

"మా కోడే నయం, ఇంతకంటే ఎత్తు ఎగురుతుంది!" అంది ఎదురింటి శేషమ్మ. అందరూ గొల్లుమన్నారు.

ముత్యాలయ్య మాత్రం నవ్వలేదు. "ముందు బరువెక్కువైంది. నువ్వు కాస్త వెనక్కి జరిగి కూర్చో," అన్నాడు.

ఈసారి చక్రాలు నేలను వదిలాయి. కింద ఇళ్లు బొమ్మల కొలువంత అయ్యాయి. అంతలోనే ఆమె మబ్బులో మునిగిపోయింది. లోపలంతా తడి! చింతగింజల జిగురు నానిపోయి ఎడమ రెక్క ఊగసాగింది. వకుళ ఓణీ చింపి దాన్ని కట్టేసింది.

"ఎవతెవే నువ్వు, నిద్ర చెడగొడుతున్నావ్?" అని మబ్బులోంచి కంబళాసురుడు గర్జించాడు.

"బొమ్మల ముత్యాలయ్య మనవరాలిని. మా ఎండ మాకిచ్చెయ్, మామా!"

"ఎన్నడూ చూడని దానికోసం ఏడుపెందుకే?"

"చూడలేదు గానీ తాత చెప్పాడుగా! చలికాలం పొద్దున్నే పిల్లలంతా గోడవారన చేరి ఎండ కాగేవారట. తలంటుకున్నాక అమ్మలు వాళ్లను ఎండలో కూర్చోబెట్టి జుట్టు ఆరబెట్టేవారట..."

రాక్షసుడు తన జుట్టు తడుముకున్నాడు. "మా అమ్మ కూడా అలాగే ఆరబెట్టేది," అన్నాడు. "నా జుట్టు ఒక పట్టాన ఆరేది కాదు. అయినా విసుక్కునేది కాదు." ముక్కు ఎగబీల్చి దుప్పటి ఒక్క దులుపు దులిపి చుట్టబెట్టుకున్నాడు. కొండగుహలో దూరి, దాన్నే ముసుగుతన్ని పడుకున్నాడు.

సుర్రుమని ఎండ తగిలింది. జారిపోతున్న రెక్క ఆరి బిగుసుకుంది. వకుళ చల్లగా నేల మీద దిగింది. రాజుగారు పల్లకీ పంపారు, తర్వాత ఆమెను మంత్రిని కూడా చేశారు. ఆమె మాత్రం అప్పుడు పల్లకీ వైపు చూడనైనా లేదు, తాత దగ్గరికి పరుగెత్తింది.

ముత్యాలయ్య కళ్లు మూసుకుని, ముఖం పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"తాతా, కళ్లు తెరు! ఎండొచ్చింది!"

ఆయన నెమ్మదిగా తెరిచాడు. ఆకాశం వైపు చూడలేదు. మనవరాలి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, దగ్గరికి లాక్కుని చూశాడు.

"తేనెరంగే!" అన్నాడు. "నీ కళ్లు నల్లవనుకున్నానే, తల్లీ, ఇన్నాళ్లూ. రంగులేసి బతికినవాణ్ణి, నీ కళ్ల రంగే తెలియలేదు నాకు."

ఆ రోజు పొద్దుగుంకేదాకా చందనవాడలో ఎవరూ ఇంట్లోకి వెళ్లలేదు.