చేదు పరీక్ష

గడ్డం అబ్బాయి తలమీద ప్లాస్టిక్ ముసుగు దించి, చేదు మేడమ్ దాని కన్నంలోంచి మందు చిమ్మింది.

క్షయ వార్డులో పనిచేసే వాళ్ళెవరికీ ఈ పరీక్ష తప్పదు. మూతికున్న మాస్క్ సరిగ్గా అతుక్కుంటే ఏ రుచీ తెలియదు. చేదు తగిలిందంటే, రేపు క్రిములూ అదే దారిన దూరతాయన్నమాట. ఆ పరీక్ష చేసే నర్సుకి వార్డు పెట్టుకున్న పేరు చేదు మేడమ్.

"చేదుగా ఉందా?"

"లేదండీ," అన్నాడు. గొంతుదాకా చేదు దిగుతోంది. ఉందంటే వార్డు మారుస్తారు. మారిస్తే ఆమె కనిపించదు.

ఆమె అతని కళ్ళలోకి ఓ క్షణం చూసింది. మర్నాడు అతణ్ణి దుప్పట్ల గదిలో వేశారు.

అతనికేమీ అర్థం కాలేదు. లేదన్నాక ఫెయిల్ ఎలా చేసింది? తనంటే అంత గిట్టదా? గిట్టకపోతే, మొన్న వానలో తడుస్తుంటే తన గొడుగెందుకు ఇచ్చింది? ఆలోచనల్లో దుప్పట్ల మడతలన్నీ వంకర పోయాయి.

సాయంత్రం ఆమె పంపిందంటూ వాచ్‌మన్ ఓ పొట్లం ఇచ్చాడు. విప్పితే కొత్త రేజర్. కబురేమీ లేదు.

ఇంటికెళ్ళి చూపిస్తే అక్క పడీపడీ నవ్వింది. గడ్డముంటే మాస్క్ అతుక్కోదని నువ్వే చెప్పావుగా, మళ్ళీ వార్డుకి రమ్మంటోందిరా అంది. కోపమేమో అన్నాడు అతను.

"కోపమొస్తే గొడుగు వెనక్కి అడుగుతుంది గానీ రేజర్ పంపదురా, మొద్దూ."

గడ్డం కింద చిన్ననాటి దెబ్బ మచ్చ ఉంది. దాన్ని కప్పడానికే ఇన్నేళ్ళూ పెంచాడు. అద్దం ముందు చాలాసేపు తటపటాయించి, గీసేశాడు.

మర్నాడు ఆమె ఆ మచ్చని చూసింది. ఏమీ అడగలేదు. అంతకన్నా మంచితనం అతను కోరుకోలేదు. ముసుగు దించి మందు చిమ్మింది.

"చేదుగా ఉందా?"

"లేదండీ."

"మొన్నా అదే చెప్పారు."

"మొన్న అబద్ధం. ఫెయిలైతే మీరు కనిపించరని."

"తెలుసు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే లేదన్నారు." ఆమె చేతిలో మందు సీసా ఆగింది. "మా నాన్నా ఇలాంటి వార్డులోనే చేసేవాడు. మాస్క్ కాస్త వదులైతే ఏమవుతుందిలే అనేవాడు. ఆ జబ్బుతోనే పోయాడు." సీసా పక్కన పెట్టింది. "నన్ను చూడాలంటే ముందు మీరు ఉండాలి కదండీ."

అతనికి మళ్ళీ అయోమయం. "అంటే... పాసైనట్టా?"

"మాస్క్ పాసైంది," అంది ముసుగు తీస్తూ. "మీ సంగతి మా అమ్మ చూస్తుంది. ఆదివారం మీ అక్కయ్యని తీసుకుని రండి. గొడుగు మర్చిపోకండి."