గుండ్లపాలెం స్టేషన్‌లో ఒక ఖాళీ

చేపల చెరువు గట్టు మీద జీపు ఆగేసరికి అన్నదమ్ములిద్దరూ కొడవళ్లు కింద పడేశారు. పోలీసు గొంతుతో పలికే మైకు కంబం, స్వరస్తంభం, వాళ్లకు ముప్పావు గంటగా నచ్చజెబుతూనే ఉంది. వాళ్లు ఆగింది ఆ మాటలకు కాదు, దూరంగా లేచిన జీపు దుమ్ము చూసి. హెడ్ కానిస్టేబుల్ మస్తాన్‌బీ మోకాలు పట్టుకుని మెల్లగా దిగి, కొడవళ్లు రెండూ గోనెసంచిలో వేసి కట్టింది. చుట్టూ ఇరవైమంది చూస్తున్నారు. నిజం మనిషి వచ్చిందని ఎవరో పక్కవాళ్లకు చెప్పారు.

అప్పుడే జీపులో, ఏ బండి ఎక్కడికి పోవాలో చెప్పే కేటాయింపు గొంతు పలికింది. పడమటి కాలనీలో రమణకుమారి అనే ఆమె ఫోన్ చేసింది. లోపల గడియ పెట్టుకుని ఉంది. భర్త బయట నిలబడి గడ్డపారతో తలుపు పొడుస్తున్నాడు. అక్కడికి దూరం ఇరవై రెండు కిలోమీటర్లు. సిబ్బంది ఆరుగురు ఇప్పటికే హాజరయ్యారని, కంగారు అక్కర్లేదని కేటాయింపు చెప్పింది.

మస్తాన్‌బీ సంచి వెనక సీట్లో పడేసి బండి తిప్పింది.

ఆ ఆరుగురూ ముద్రలు. పద్దెనిమిదేళ్ల కిందట ముందస్తు విరమణ పథకం వచ్చినప్పుడు, వెళ్లిపోయే ప్రతివాళ్లూ పదకొండు రోజులు కుర్చీలో కూర్చుని, తమ సర్వీసంతా యంత్రానికి అప్పజెప్పి వెళ్లారు. వాళ్ల గొంతు, వాళ్ల నేర్పు, దొంగను చూపు బట్టి పట్టే తెలివి, అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ మరుసటి ఏడు ముద్రలను కూడా సిబ్బంది కిందే లెక్కించాలని ఉత్తర్వు వచ్చింది. దాంతో స్టేషన్ సిబ్బంది లెక్క చూపే బలపట్టికలో ఖాళీ అన్న మాటే లేకుండా పోయింది. ఖాళీ లేనిచోట నియామకం దేనికి? గుండ్లపాలేనికి మంజూరైన బలం ముప్పై ఎనిమిది. పట్టికలో ఉన్నదీ ముప్పై ఎనిమిదే. వాళ్లలో అన్నం తినేది మస్తాన్‌బీ ఒక్కతే.

జీపులో ఆమెకు తోడుండే గొంతు ఎస్సై ఏసుపాదానిది. ఆయన పోయి నాలుగేళ్లయింది. సమాధి మీద మట్టి వేసి వచ్చిన మరునాడు పొద్దున, అదే గొంతు ముందు టైరులో గాలి చూసుకోమని ఆమెకు గుర్తుచేసింది. ఆ రోజు ఆమె బండి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"నిదానంగా పోనియ్ మస్తాన్‌బీ. మనోళ్లు ఆరుగురు ఆ యింటికాడే ఉన్నారు," అంది గొంతు.

"వాళ్లలో ఒక్కరికన్నా చెయ్యుందా సార్?"

గొంతు వెంటనే బదులిచ్చింది. "ఆ ప్రశ్నకు నా దగ్గర అనుభవం లేదు."

ఆమె చేరేసరికి నలభై ఒక్క నిమిషాలు పట్టింది. తలుపు రెండు చెక్కలై పడి ఉంది. భర్త అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు, పారిపోలేదు. ఇరుగుపొరుగు గోడల వెనకే ఉండిపోయారు. స్తంభం అతన్ని పదిసార్లు ఆగమందనీ, అతను నాలుగు వైపులా చూసి, ఎవరూ కనపడక, మళ్లీ గడ్డపార ఎత్తాడనీ వాళ్లు తర్వాత చెప్పారు.

రమణకుమారి మంచానికీ గోడకూ మధ్య పడి ఉంది. తలుపుకు మంచం అడ్డం పెట్టమని ముద్రలు చెప్పినట్టే పెట్టింది. అన్నీ వాళ్లు చెప్పినట్టే చేసింది. ఆమె చేతిలోని ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ధైర్యంగా ఉండమ్మా. మేమందరం ఇక్కడే ఉన్నాం."

మస్తాన్‌బీ ఆమె మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. ఆ తర్వాత ఫోన్ ఆపింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో శవాలు చూసింది. ఈమె చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగా ఉంది. పది నిమిషాలు ముందు వచ్చి ఉంటే, అన్న ఆలోచన దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది.

భర్తను సబ్‌జైల్లో అప్పగించి స్టేషన్‌కు తిరిగి వచ్చేసరికి తెర మీద నివేదిక దానంతటదే తయారై ఉంది. స్పందన సమయం మూడు సెకన్లు. హాజరైన సిబ్బంది ఏడుగురు. లోపాలు లేవు.

దాని పక్కనే ఆమె సొంత కాగితం వెలిగింది. మోకాళ్ల పరీక్షలో తప్పినందువల్ల ఆ సాయంత్రం ఐదు గంటల నుంచి ఆమెకు ముందస్తు విరమణ. కుర్చీలో పదకొండు రోజులూ కిందటి వారమే పూర్తయ్యాయి. ఇక తన ముద్రను వాడుకోవడానికి సమ్మతి మీద వేలు పెట్టడమే మిగిలింది. అది పెడితేనే శాఖ ఆసుపత్రిలో మోకాళ్ల ఆపరేషన్.

కింద అసమ్మతి అని కూడా ఒక గడి ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. మస్తాన్‌బీ దాని మీద వేలు పెట్టి, యంత్రం మూడుసార్లు అడిగినా తియ్యలేదు.

రేపటి బలపట్టికలో ముప్పై ఎనిమిది పోయి ముప్పై ఏడు వచ్చింది. పక్కన ఎర్రగా ఖాళీ ఒకటి. జిల్లా మొత్తం లెక్క తేలక, రోజు నివేదిక మూసుకోలేదు.

నాలుగున్నరకు జిల్లా సిబ్బంది అధికారి త్రివిక్రమరావు కారులో స్వయంగా వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆ స్టేషన్ గడప తొక్కడం అతనికి అదే మొదలు. గట్టిగా మాట్లాడలేదు, బతిమాలాడు. మోకాళ్ల సంగతి ఆలోచించుకోమన్నాడు. ఆమె ముద్ర పోతే, రేపు ఫోన్ చేసేవాళ్లకు ధైర్యం చెప్పేవాళ్లు ఒకరు తగ్గుతారన్నాడు.

"నేను వేలు పెడితే రేపు స్టేషన్లో ఎంతమంది సార్?"

"ముప్పై ఎనిమిది. పూర్తి బలం."

"జీపు ఎవరు తోలతారు?"

అతను కిటికీలోంచి జీపు వైపు చూశాడు. ఆ ప్రశ్న పట్టికలో ఎక్కడా లేదు.

"పొద్దున ఒకామె చచ్చిపోయింది సార్. ఆరుగురు ఆమెతో మాట్లాడతానే ఉన్నారు. రేపట్నుంచి నేను కూడా అట్టాగే మాట్లాడాల్నా? నా వల్ల కాదు. ఖాళీని ఖాళీగానే ఉండనియ్యండి. ఒక మనిషిని తీసుకోండి."

త్రివిక్రమరావు కళ్లద్దాలు తీసి, బల్ల మీద పెట్టి అన్నాడు.

"పద్దెనిమిదేళ్లయిందమ్మా. మనిషిని ఎట్లా తీసుకోవాలో మా ఆఫీసులో తెలిసినవాళ్లు ఎవరూ లేరు."

మస్తాన్‌బీ అతని ముఖంలోకి చూసింది. అబద్ధం కాదు. కుర్చీ అతనికి ఎదురుగా లాక్కుని కూర్చుని, ఒక తెల్లకాగితం అతని ముందుకు జరిపింది.

"రాసుకోండి సార్. ముందు పేపర్లో ప్రకటన వెయ్యాల. వచ్చినోళ్లకు ఎత్తు కొలవాల. తర్వాత గ్రౌండులో పరిగెత్తియ్యాల."

అతను రాశాడు. రాసి, కలం ఆపాడు.

"పరిగెత్తించేది ఎవరమ్మా?"

"దానికీ మనిషే కావాల సార్," అంది ఆమె.

ఐదైంది. పట్టికలోంచి ఆమె పేరు పోయింది. తర్వాత ఏం చెయ్యాలో అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె గుర్తున్నంత వరకు చెబుతూనే ఉంది.