పెరబండ గుహలో తాటాకు కట్టలు

"ఆ రాయి లాగొద్దు సారూ! పైకప్పంతా దానిమీదే నిలబడుంది!"

గురవమ్మ కేక గుహంతా మారుమోగింది. అప్పటికే ఓబులేసు గడ్డపార రాతిసందులోకి దిగిపోయింది. ఆయన తాతగారు పాత పంచాంగం అట్ట వెనక గీసిన గీతలు అబద్ధం చెప్పలేదు. రాళ్లు పేర్చి మూసిన గూటిలో, మూతికి మైనం పట్టించిన మట్టి బాన కనిపించింది. ఆయన రెండు చేతులూ చాచి దాన్ని కావలించుకుని వెనక్కి లాగాడు. బానతోపాటు గూటి అంచురాయి కూడా కదిలి వచ్చేసింది.

పిడుగు పడ్డట్టయింది. కొండ కడుపు చీలినట్టు రాళ్లు జారాయి. దుమ్ము గొంతుల్లోకి దూరి ఊపిరి సలపలేదు. దుమ్ము అణిగాక చూస్తే, వాళ్లు వచ్చిన దారి లేదు. ఆ చోట మనిషంత బండలు గుట్టగా పడి ఉన్నాయి. వాటికింద ఓబులేసు ఎడమకాలు మోకాలిదాకా ఇరుక్కుంది.

"నేను బండ లేపుతా. నువ్వు చంకలకింద పట్టి లాగు పాపా!" అంటూ గురవమ్మ గడ్డపార అందుకుంది. ఆమె వెంట వచ్చిన హుసేన్‌బీ లాగింది. ఓబులేసు పెట్టిన కేకకు కప్పుకు వేలాడే గబ్బిలాలన్నీ లేచాయి. కాలు బయటికి వచ్చింది గానీ, దాని రూపు చూసి హుసేన్‌బీ పెదవి కొరుక్కుంది. నీళ్ల కోసం తడుముకుంటే సొరకాయ బుర్ర రాళ్లకింద నుగ్గయిపోయి ఉంది.

గురవమ్మ నల్లమలలో పుట్టిన చెంచు మనిషి. ఏటా ఎండాకాలంలో పెంట అని పిలిచే తన గూడెం పక్కనే అడవి బడి నడిపేది. పట్నం శిబిరాలకు వేల రూపాయలు పోయలేని వాళ్లు ఒక కత్తి, ఒక దుప్పటి, ఐదురోజులకు సరిపడా బియ్యం తెచ్చుకుంటే చాలు. నిప్పు పుట్టించడం, నీళ్లు వెతకడం, నార పేనడం, అడుగుజాడలు చదవడం, తన తాతలు తనకు నేర్పినట్టే వాళ్లకూ నేర్పేది. చెంచు పెంటలకు నడిచి తిరిగే నర్సు హుసేన్‌బీ అందుకే వచ్చింది. ఓబులేసు రిటైరైన తెలుగు పండితుడు. ఆయనా అదే చెప్పి చేరాడు. కానీ ఆయన మనసంతా వైద్యుడైన తాతగారు దోపిడీ దొంగలకు భయపడి ఈ కొండల్లో దాచిన తాటాకు గ్రంథాల మీదే ఉంది. బడి ముగిసి మిగతావాళ్లు కొండ దిగి వెళ్లిపోయాక, ఎవరికీ చెప్పకుండా తెల్లవారగానే ఒంటరిగా బయలుదేరాడు. ఆయన జాడలు చూసి ఈ ఇద్దరూ వెంటపడ్డారు.

"దారి తప్పినావేమో అని వచ్చినాం సారూ," అంది గురవమ్మ. "నోరు తెరిచి చెప్పుంటే నేనే తోలుకొచ్చేదాన్ని."

"చెబితే రానివ్వవనుకున్నాను." ఆయన ముఖం తిప్పుకున్నాడు.

వాళ్లెక్కడున్నదీ తెలిసిన మనిషి లోకంలో మరొకరు లేరు. ఫోన్లో సిగ్నల్ లేదు. దాని దీపం వెలుగులో ఇద్దరు ఆడవాళ్లూ చేతులు చీరుకుపోయేలా రాళ్లు తీశారు. ఒకటి తీస్తే పైనుంచి రెండు జారాయి. చివరికి ఫోనూ ఆరిపోయింది.

మర్నాడు పొద్దెక్కేసరికి ఓబులేసు ఒళ్లు కాలిపోతోంది. నాలుక అంగిటికి అంటుకుని మాట ముద్దగా వస్తోంది. గుహ వెనక గోడలో, ఛాతీ ఎత్తున, మనిషి పట్టేంత కన్నం ఒకటి అప్పుడే కంటపడింది. జువ్విచెట్టు వేళ్లు అందులోంచి లోపలికి జడల్లా దిగాయి. హుసేన్‌బీ ఆశగా తల బయట పెట్టబోయింది. గురవమ్మ ఆమె జుట్టు పట్టి వెనక్కి గుంజింది.

"పైకి చూడు!"

కన్నం నెత్తిమీదే, చాపంత తేనెపట్టు. దానిమీద పెద్ద ఈగలు నల్లటి అలలా కదులుతున్నాయి. కింద ఆరు నిలువుల లోతున వాగు, ఎండి తెల్లగా మెరుస్తోంది.

"పొద్దుగూకి ఈగలు సద్దుమణిగినాక దిగుదామా అక్కా?"

గురవమ్మ ఓబులేసు వైపు చూసి గొంతు తగ్గించింది. "అందాకా ఈయప్ప ఉండడు. చీకట్లో ఈ గోడ నేనే దిగలేను. వేళ్లు నరుకు. నార వలువు."

మూడురోజుల కింద నేర్చుకున్న పేనుడు హుసేన్‌బీ వేళ్లకింకా అలవాటు కాలేదు. మూడు పాయలు తొడమీద పెట్టి పేనుతుంటే చర్మం లేచిపోయింది. "ఊడిపోతాంది, మళ్లీ పేను!" అని గద్దించింది గురవమ్మ. హుసేన్‌బీ ఏడుస్తూనే విప్పి మళ్లీ పేనింది. మిట్టమధ్యాహ్నానికి తాడు తయారైంది.

ఇక ఈగలను పక్కకు తోలడానికి పొగ కావాలి. చెకుముకి రాయి, ఉక్కుముక్క, బూరుగు దూది గురవమ్మ మొలలోనే ఉన్నాయి. పొగకు గబ్బిలాల రెట్ట, పచ్చివేళ్లు ఉన్నాయి. అవి రాజుకోవడానికి మాత్రం గుహలో ఎండుపుల్ల కూడా లేదు. చున్నీ, చీరచెంగు రెండూ కాలికి కట్టేశారు. బాన మూత తీసి, అందులోని తాటాకు కట్టలకుండే చెక్క అట్టలు కూడా ఊడదీసి ఆ కాలికే దన్నుగా పెట్టారు.

గురవమ్మ బాన వైపు చూసింది, అంతే.

ఓబులేసుకు అర్థమైంది. "వద్దమ్మా! నూరేళ్లు దాగినవి. మా తాత చేతిరాత..."

"నీ ఇష్టం సారూ."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. బాన దగ్గరికి జరిగి ఒక కట్ట తీశాడు. పై ఆకు కళ్లకు దగ్గరగా పెట్టుకుని "బాలింత జ్వరమునకు..." అని ఒక్క ముక్క చదివి, దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

రాయి ఉక్కును కొట్టింది. దూది ఎర్రబడింది. తాటాకు భగ్గున అంటుకుంది. నల్లటి, ఘాటైన పొగ కన్నంలోంచి పైకి పాకింది. తేనెపట్టు హోరెత్తింది, నెమ్మదిగా ఒక పక్కకు ఒదిగింది.

"ముందు నువ్వు దిగు పాపా! చేతులు ఊపొద్దు, అరవొద్దు!"

హుసేన్‌బీ తాడు పట్టుకుని, కళ్లు మూసుకుని దిగింది. రెండు ఈగలు కుట్టినా పళ్లు బిగించింది. కాళ్లకు ఇసుక తగిలింది. ఆ వేళకు గుహలో నాలుగో కట్ట బూడిదైంది, ఐదోది అంటుకుంది. ఓబులేసు నడుముకు తాడు బిగిస్తుండగానే మంట కుంగింది. పొగ పలచబడింది. ఒకటి, రెండు, పది ఈగలు లోపలికి దూసుకొచ్చి గురవమ్మ ముఖం మీద పడ్డాయి. ఆమె తాడు వదల్లేదు.

"బాన ఖాళీ. పోనీ సారూ, నేను దించేస్తా."

ఓబులేసు చొక్కాలోకి చేయి పెట్టాడు. వాళ్లు చూడకుండా దాచుకున్న ఆరో కట్ట, అరచేయంత చిన్నది, బయటికి తీశాడు. ఒక్క ఆకూ తిప్పలేదు. నిప్పులో వేశాడు.

పొగ మళ్లీ గుప్పుమంది. గురవమ్మ కాలు గోడకు తన్నిపెట్టి ఆయన్ను బెత్తెడు బెత్తెడుగా దించింది. ఆయన ఇసుకను తాకగానే తాడు జువ్వివేరుకు ముడేసి తానూ జారింది. సగంలో ఉండగా ఈగలు కమ్ముకున్నాయి. చివరి రెండు నిలువులు ఆమె పడిందో, దూకిందో తెలియలేదు. హుసేన్‌బీ ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని బండల చాటుకు ఈడ్చింది.

గురవమ్మ ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవులు ఉబ్బి మాట రావడంలేదు. వేలితో వాగు మలుపు చూపింది. అక్కడ నేరేడుచెట్టు కింద ఇసుక కాస్త నల్లగా ఉంది. హుసేన్‌బీ పరిగెత్తి మోకాళ్లమీద కూలి, రెండు చేతులతో తోడింది. మోచేతిలోతున ఇసుక చల్లబడింది. ఇంకా తోడింది. అడుగున బురదనీరు ఊరింది. దాన్ని తోడి పారబోసింది. మళ్లీ ఊరేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఈసారి తేటగా వచ్చింది.

దోసిలి నింపుకుని ముందు ఓబులేసు దగ్గరికే తెచ్చింది. నీళ్లు పెదవుల చివరనుంచి కారిపోయాయి. రెండో దోసిలీ అంతే. మూడోసారి ఆయన గొంతు కదిలింది.

"మింగినాడక్కా! మింగినాడు!"

కాసేపటికి ఓబులేసు కళ్లు తెరిచాడు. గురవమ్మ వాచిన ముఖం చూశాడు. "నన్ను అక్కడే వదిలేసి దిగుంటే..." అంటూ ఏదో చెప్పబోయాడు. ఏడుపు ఆగలేదు.

గురవమ్మ ఇసుకలో తోడిన చెలమ నీళ్లతో ముఖం తడుపుకుని, కష్టంగా మాట కూడగట్టుకుంది.

"ఏడవొద్దు సారూ, ఒంట్లో నీళ్లు పోతాయి," అంది. "లే పాపా, రెండు బొంగులు నరుకు. డోలీ కట్టడం మీకింకా నేర్పలేదు."