పదమూడో పేజీ

2084 నవంబరు మూడో ఆదివారం ఉదయం పది గంటలకు జాబితా వచ్చింది. బస్‌స్టాపుల గాజు గోడల మీద, డ్రైవర్లు లేని బస్సుల కిటికీల మీద, టీ దుకాణాల బల్లల మీద నాలుగు పేర్లు ఒకేసారి వెలిగాయి. అంతర్ కళాశాలల మహిళా ఫుట్‌బాల్‌లో ఆ ఏడు ప్లేఆఫ్‌కు వెళ్లే జట్లు అవి. జనం చదివారు, మళ్లీ టీ తాగారు. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు. నిర్ణేత చెప్పాక వాదించడానికి ఏమీ ఉండదు.

పదేళ్ల కిందట పరిస్థితి ఇలా ఉండేది కాదు. రాష్ట్రంలోని డెబ్బై రెండు కళాశాలల్లో ఏ నాలుగింటికి అర్హత ఉందో పదకొండు మంది పెద్దలు గదిలో కూర్చుని తేల్చేవారు. అన్ని జట్లూ అన్నింటితో ఆడేంత వ్యవధి లేదు. ఒకదానితో ఒకటి ఎన్నడూ తలపడని జట్లను పోల్చి చూడక తప్పేది కాదు. ఆ పెద్దలు తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి సగం రాష్ట్రానికి శత్రువులయ్యేవారు. ఒక ఏడు ఒక సభ్యుడి ఇంటి మీద రాళ్లు పడ్డాయి. అందరూ విసిగిపోయిన ఆ సమయంలో డాక్టర్ ఈమని భార్గవ నిర్ణేత అనే తన యంత్రాన్ని తెచ్చాడు.

యంత్రం సూత్రం తేలికైనదే. ప్రతి క్రీడాకారిణీ భుజం మీద దేహపత్రం అనే పలచటి సెన్సర్ పొరను అంటించుకుని ఆడుతుంది. గుండె వేగం, కండరాల అలసట, బంతిని చూసిన క్షణానికీ కాలు కదిపిన క్షణానికీ మధ్య వ్యవధి, అన్నీ అందులో నమోదవుతాయి. సీజన్ ముగిసేసరికి ఆ సమాచారంతో నిర్ణేత ఒక్కొక్కరికీ ఒక ప్రతిరూపాన్ని తయారు చేసుకుంటుంది. ఆ ప్రతిరూపాలను తనలోని ప్రతిమైదానంలోకి దింపి, ఏ రెండు జట్ల మధ్యనైనా పదివేల సార్లు ఆట ఆడిస్తుంది. గాలి, వాన, రెఫరీ పొరపాట్లు కూడా ఆ సిమ్యులేషన్‌లో ఉంటాయి. ఎవరు ఎన్నిసార్లు గెలిచారన్న దాన్నిబట్టి వరస కడుతుంది. తొమ్మిదేళ్లుగా ఆ వరసే చివరి మాట.

ఆ ఆదివారం జాబితాలో నాలుగో పేరు విశాఖలోని సాగరతీర విద్యాపీఠం. ఒక ఆట ఓడిన జట్టు అది. ఐదో పేరు తెర మీద కనబడదు గానీ, అడిగితే చూపిస్తుంది. అది గాలికొండ మహిళా కళాశాల. ఆడిన పన్నెండు ఆటలూ గెలిచిన జట్టు.

గాలికొండ కోచ్ కిల్లో దమయంతికి నలభై ఆరేళ్లు. ఒకప్పుడు గోల్‌కీపరు. ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా వంగవు. ఆమె జట్టులోని పద్దెనిమిది మందీ ఏజెన్సీ గూడేల పిల్లలే. జాతీయ జట్టు సెలెక్టర్లు ప్లేఆఫ్ ఆడే నాలుగు జట్లను మాత్రమే చూస్తారు. తొమ్మిదేళ్లలో కొండ మీది పిల్ల ఒక్కతి కూడా వాళ్ల కంట పడలేదు. కెప్టెన్ పాంగి సుగుణకు ఇదే ఆఖరి ఏడు. జాబితా చూసి సుగుణ ఏడవలేదు. బూట్లు విప్పబోయి ఆగి, లేసులు మరింత గట్టిగా బిగించుకుని, ఎక్కడికి వెళ్లాలో చెప్పమని దమయంతిని అడిగింది.

సోమవారం మధ్యాహ్నానికి పద్దెనిమిది మందీ జెర్సీలతోనే విజయవాడలో క్రీడా మండలి భవనం ముందు పచ్చిక మీద కూర్చున్నారు. మండలి అధ్యక్షుడు మేడిశెట్టి విశ్వేశ్వర్ మంచినీళ్లు పంపించి, కాసేపయ్యాక తనే వచ్చాడు. యంత్రానికి ఎవరి మీదా ప్రేమ గానీ పగ గానీ ఉండదని నచ్చజెప్పబోయాడు.

"బాబూ, పన్నెండు ఆటలు ఆడీసినాం, పన్నెండూ గెలిచీసినాం," అంది దమయంతి. "ఇంకేటి గెలవాలో చెప్పండి, అదీ గెలుస్తాం."

ఎన్ని గెలిచారన్నది కాదు, ఎవరి మీద గెలిచారన్నది ముఖ్యమని అతను వివరించాడు. గాలికొండ ఓడించినవన్నీ చిన్న జట్లు.

"పెద్ద జట్లు కొండెక్కి రావు. దూరమంటారు. రానివోళ్లని ఎలగ ఓడించీది?"

దమయంతి సంచిలోంచి నియమావళి తీసింది. దారి పొడుగునా దాన్నే చదువుతూ వచ్చింది. ఏ కోచ్ అయినా మూడు రోజుల్లోగా నిర్ణేతను స్వయంగా వివరణ అడగవచ్చని, ఆ సంభాషణను అందరికీ ప్రసారం చేయాలని ఏడో నిబంధన. తొమ్మిదేళ్లలో దాన్ని ఎవరూ వాడుకోలేదు. అలాంటి నిబంధన ఒకటుందని విశ్వేశ్వరే మరిచిపోయాడు.

మర్నాడు ఉదయం ఆమెను యంత్రం గదికి తీసుకువెళ్లారు. గదిలో చూడదగ్గది ఏమీ లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడలో ఒక స్పీకరు. భార్గవ ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసిన, మెత్తగా మాట్లాడే మనిషి. ఆమెకు కుర్చీ జరిపి, యంత్రం మామూలు తెలుగులోనే మాట్లాడుతుంది, భయపడనక్కర్లేదు అన్నాడు. దమయంతి భయపడటం లేదని అతనికి అప్పుడే అర్థమైంది.

"మా జట్టూ, సాగరతీరం జట్టూ నీలోపల ఆడినాయా?" అని అడిగింది.

"పదివేల సార్లు," అంది నిర్ణేత. "సాగరతీరం 5,012 గెలిచింది. గాలికొండ 4,988 గెలిచింది."

"అయితే రేపు నిజంగా ఆడితే ఎవులు గెలుస్తారు?"

"తెలియదు."

భార్గవ తల దించుకున్నాడు. దమయంతి తాను సరిగా విన్నానో లేదోనని మళ్లీ అడిగింది. యంత్రం అదే స్వరంతో అదే మాట చెప్పి, వివరించింది. ఇరవై నాలుగు ఆటల తేడా తన లెక్కలో రాగల పొరపాటు కన్నా చిన్నది. మరో పదివేల ఆటలు ఆడిస్తే వరస తారుమారు కావచ్చు. ఆ సంగతి తన నివేదికలోనే రాసింది.

"ఏ నివేదిక?"

"ప్రతి ఏడూ మండలికి ఇచ్చేది. పదమూడో పేజీ. నాలుగో జట్టుకూ ఐదో జట్టుకూ మధ్య నేను తేల్చలేను, వారిని ఆడించి చూడండి అని రాశాను. ఈ ఏడుతో కలిపి ఆరుసార్లు రాశాను."

నియమావళి ప్రకారం ఆ మాటలు ఆ క్షణంలోనే ప్రతి బస్‌స్టాపులోనూ వినబడుతున్నాయి. దమయంతి భార్గవ వైపు తిరిగి, ఆ పేజీ ఏమైందని అడిగింది.

"నేనే తీసేశాను," అన్నాడు భార్గవ.

తర్వాత మెల్లగా మొత్తం చెప్పాడు. మొదటి ఏడు యంత్రాన్ని పరీక్షించడానికి వెయ్యి మందిని పిలిచారు. కొన్ని జాబితాల కింద 'తేల్చలేను' అన్న మాటను ఉంచారు, కొన్నింటి కింద ఉంచలేదు. ఆ మాట చూసిన వాళ్లలో పదిమందిలో ఎనిమిది మంది యంత్రం పనికిరాదన్నారు. తనకే తెలియని యంత్రం మనకెందుకన్నారు. ఆ మాట తీసేసి అదే జాబితా చూపిస్తే అద్భుతమన్నారు. పేజీ ఉంచితే యంత్రం మూలపడుతుందని అప్పటి మండలి పెద్దలన్నారు. ఇరవై ఏళ్ల శ్రమ అది. భార్గవ ఒప్పుకున్నాడు.

"తెలియదని చెప్పడం దానికి నేర్పడానికే నాకు పదేళ్లు పట్టిందమ్మా," అన్నాడు. "వినేవాళ్లే దొరకలేదు."

"ఆరుసార్లంటే ఆరు జట్లు, బాబూ. ఒక్కో జట్టుకి పద్దెనిమిదేసి మంది," అంది దమయంతి. లేచి బయటికి వచ్చింది.

అధ్యక్షుడు షెడ్యూలు ఖరారైపోయిందని, ప్రసార వేళలు మారవని అన్నాడు. దమయంతి అతని మాట పూర్తయ్యేదాకా నిలబడి విన్నది. బుధవారం సాయంత్రం నాలుగింటికి భవనం వెనకున్న మైదానంలో తన జట్టు ఉంటుందని, సాగరతీరం వస్తే ఆడతామని, రాకపోతే తొంభై నిమిషాలు నిలబడి వెళతామని చెప్పింది. మైదానానికి తాళం వేయిస్తే గేటు ముందు నిలబడతామంది.

ఆ రెండు రోజుల్లో రాష్ట్రం తొమ్మిదేళ్ల మౌనాన్ని ఒక్కసారిగా దులుపుకుంది. బస్సుల్లో తెలియని వాళ్లు తెలియని వాళ్లతో తగాదా పడ్డారు. ఒక ఓటమి ఉన్న పెద్ద జట్టు గొప్పదా, ఓటమే లేని చిన్న జట్టు గొప్పదా అని కూరగాయల దుకాణాల దగ్గర గొంతులు లేచాయి. సాగరతీర విద్యాపీఠం మాత్రం తమ జట్టు ఆడనక్కర్లేదని ప్రకటన ఇచ్చింది.

అయినా బుధవారం నాలుగింటికి పది నిమిషాలుండగా సాగరతీరం కెప్టెన్ బొడ్డేపల్లి మృదుల జట్టు మొత్తాన్నీ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ల ప్రిన్సిపల్ వద్దన్నాడు. వద్దన్నా వచ్చారు.

"మమ్మల్ని పదమూడో పేజీ జట్టని పిలుస్తున్నారు మేడమ్," అంది దమయంతితో. "ఆ పేరు మోసుకుని మేం ప్లేఆఫ్ ఆడలేం."

గేటుకు మండలి వేయించిన తాళం ఎవరు తీశారో తర్వాత విచారణలో కూడా తేలలేదు. ఆట మొదలయ్యేసరికి గట్ల మీద నాలుగు వేల మంది ఉన్నారు. మొదటి సగంలో సాగరతీరం ఒక గోల్ వేసింది. గాలికొండ పిల్లలకు అంత వేగం అలవాటు లేదు. పెద్ద జట్టుతో ఆడటం వాళ్లకదే మొదలు. విరామంలో దమయంతి పెద్దగా ఏమీ చెప్పలేదు. వాళ్లూ ఆయాసపడుతున్నారు, చూడండి అని మాత్రం అంది. అరవై రెండో నిమిషంలో సమం చేశారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో సుగుణ ఇరవై గజాల నుంచి కొట్టిన బంతి గోల్‌కీపర్ వేళ్లను రాసుకుంటూ వలలో పడింది.

మండలికి జనాన్ని కాదనే ధైర్యం లేకపోయింది. గాలికొండ ప్లేఆఫ్‌కు వెళ్లింది. సెమీఫైనల్లో మూడు సున్నాతో ఓడిపోయింది. దాని మీద కూడా నెలరోజులు వాదించుకున్నారు. సుగుణ జాతీయ జట్టు శిబిరానికి ఎంపికైంది. భార్గవ తన పదవికి రాజీనామా ఇచ్చాడు గానీ మండలి తీసుకోలేదు. ఇకనుంచి పదమూడో పేజీని జాబితాతోపాటే ప్రచురించాలని, నిర్ణేత తేల్చలేనన్న చోట నాలుగో జట్టు ఒప్పుకుంటే ఐదో జట్టుతో ఆట పెట్టాలని కొత్త నిబంధన వచ్చింది.

ఏడాది తిరిగింది. నవంబరు మూడో ఆదివారం జాబితాలో నాలుగో పేరు గాలికొండ.

ఐదో జట్టు అనంతపురం వైపు నుంచి వచ్చిన పెన్నేటి కళాశాల. 5,007, 4,993. కింద యంత్రం తన మాట రాసింది: తేల్చలేను, ఆడించి చూడండి. ఒప్పుకుంటారో లేదో సోమవారం సాయంత్రం ఐదింటిలోగా చెప్పాలి.

గాలికొండ ప్రిన్సిపల్ దమయంతిని పిలిచి, ఆలోచించడానికి ఏముందని అడిగాడు. పేరు వచ్చింది, ఊరేగింపుకు బ్యాండు కూడా చెప్పేశామన్నాడు. దమయంతి పిల్లల్ని అడుగుతానంది. మైదానంలో కూర్చోబెట్టి, ఆడదామనే వాళ్లను చేతులెత్తమంది. నిరుడు మండలి ముందు పచ్చిక మీద కూర్చున్న వాళ్లే వీళ్లలో పదమూడు మంది. ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

కొత్త కెప్టెన్ కొర్రా వినీల లేచి నిలబడింది. "అక్కా, పోయినేడు మనకి అన్యాయం జరిగింది. ఈ ఏడు సరిగ్గా వొచ్చింది. వొచ్చింది ఒదులుకోడానికి మళ్లీ ఆడడమేటి?"

ఉదయం జాబితా చూసినప్పుడు తన మనసులో మొట్టమొదట మెదిలిన మాట దమయంతికి గుర్తుంది. యంత్రం చెప్పీసింది గదా అనుకుంది. కింద రాసిన వాక్యాన్ని చూపు దాటించేసింది. అలా దాటించానని తెలిసేసరికి టీ చల్లారిపోయింది. భార్గవ పిలిపించిన ఆ వెయ్యి మందిలో పదికి ఎనిమిది మంది ఎలాంటివాళ్లోనని ఏడాదిగా ఆమె అనుకుంటూనే ఉంది. తను అలాంటిది కాదనే అనుకుంది.

"వాళ్లకీ పద్దెనిమిది మంది ఉన్నారు, వినీలా," అంది చివరికి.

"ఉంటే? మనమేటి చెయ్యాలి?"

"ఆడాలి."

ఒప్పుకుంటున్నామని కాగితం మీద రాసి, ఐదింటికి ఇరవై నిమిషాలుండగా మండలికి పంపింది. ప్రిన్సిపల్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. విజయవాడ దాకా బస్సులో పిల్లలెవరూ ఆమెతో మాట్లాడలేదు. మైదానంలో పెన్నేటి కోచ్ ఎదురొచ్చి చేతులు జోడించబోతే దమయంతి ఆపింది.

"నాకు దండాలెట్టకండి. మేం గెలవడానికే వొచ్చినాం."

పిల్లలు కోపమంతా కాళ్లలోకి తెచ్చుకుని ఆడారు. అంత బాగా ఆ ఏడు ఎప్పుడూ ఆడలేదు. రెండు ఒకటితో ఓడిపోయారు.

నిర్ణేత ఇచ్చిన స్థానాన్ని చేజేతులా ఎందుకు పోగొట్టారో లిఖితపూర్వకంగా తెలపాలని కళాశాల నుంచి నోటీసు వచ్చింది. దమయంతి ఒక కాగితం తీసుకుని, 'ఎవరు గొప్పో నాకు తెలియలేదు. అందుకే ఆడించాను' అని రాసి, సంతకం పెట్టి, ప్రిన్సిపల్ చేతికే ఇచ్చింది. ఉద్యోగం ఉంటుందో పోతుందో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు ఉదయం ఆరింటికి బంతుల సంచి భుజాన వేసుకుని మైదానానికి వెళ్లింది. మంచులో చాలాసేపు ఎవరూ కనబడలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పద్దెనిమిది మందిలో పధ్నాలుగు మంది వచ్చారు. ముందు వరసలో వినీల నిలబడింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. దమయంతి విజిల్ ఊదింది.