ఏడో దిమ్మ

బందరు రేవు పక్కన గిలకలదిండిలో వెంకటపతికి ఓ ఐసు డిపో ఉంది. వేటకెళ్లే పడవలకి దిమ్మల లెక్కన ఐసు ఇస్తాడు. వ్యాపారికి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి, డబ్బు అడగడం ఒక్కటి తప్ప. బాకీ ఉన్నవాడు ఎదురొస్తే తనే పక్క సందులోకి తప్పుకుంటాడు. ఆ రకంగా ఊళ్లో సందులన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి.

అది చూడలేక, పడవ మీద వేటకెళ్లే బావమరిది భరత్, అతని ఫోన్లో ఓ ఏఐ ఏజెంటుని పెట్టాడు. దానికి గుమాస్తా అని పేరు. ఎవరు ఎన్ని దిమ్మలు పట్టుకెళ్లారో చెబితే చాలు. డబ్బు కట్టే లింకు అదే తయారుచేసి పంపుతుంది. పడిందో లేదో అదే చూస్తుంది. పడకపోతే మళ్లీ అడుగుతుంది.

"నీకు మొహమాటం, దీనికి లేదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషవుతారు బావా," అన్నాడు భరత్.

ఎప్పుడు అడగమంటారని గుమాస్తా అంటే, "పడవ రేవు వదలగానే" అన్నాడు వెంకటపతి. మనిషి ఎదురుగా లేనప్పుడు అడిగితే తనకి సిగ్గుండదని ఆ తెలివి. వేటకి బయల్దేరినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని ఆ రేవులో చంటిపిల్లకి కూడా తెలుసు. అతనికీ తెలుసు. పిలిచేది తన గొంతు కాదుగా అనుకున్నాడు. నలభై ఆరేళ్లకి బుర్ర అంతవరకే ఎదిగింది.

మొట్టమొదటి లింకు భరత్‌కే వెళ్లింది. ఆరు దిమ్మలు, పన్నెండు వందలు. పడవ, ఏరు కలిసే మొగ దాటి సముద్రంలోకి వెళ్తుండగా ఫోను మోగింది. భరత్ వెనక్కి తిరిగి రేవు వైపు చూసి నవ్వాడట. "నాక్కూడానా బావా? వచ్చి ఇస్తాలే," అని వాయిస్ పెట్టాడు.

ఆ రాత్రి గాలి తిరగబడింది. పడవలో ఉన్న మిగతా ఇద్దరూ మర్నాడు హంసలదీవి దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చారు. భరత్ రాలేదు.

అప్పట్నుంచీ రోజూ పొద్దుగూకే వేళకి గుమాస్తా మర్యాదగా చెబుతుంది. "భరత్ గారికి గుర్తు చేశానండీ. మెసేజీ చేరలేదు."

డీజిలు అమ్మే ఏలీయా ఉండబట్టలేక అన్నాడు. "ఆ బాకీ మాఫీ కొట్టెయ్యి బాబాయ్. రోజూ వాణ్ణి వెనక నుంచి పిలుస్తూనే ఉన్నావు నువ్వు."

"కొడితే చేతులు విరగ్గొడతా," అంది లోపల్నుంచి వెంకటపతి భార్య సత్యవతమ్మ. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే. "వచ్చి ఇస్తానన్నాడు. బాకీ ఉన్నన్నాళ్లూ వాడు వస్తాడు."

శవం దొరకలేదు కాబట్టి దర్భబొమ్మ చేసి కర్మ కానిద్దామన్నారు పెద్దలు. ఆవిడ వాళ్లని వాకిట్లోంచే పంపేసింది. వెంకటపతి మాత్రం రోజుకి నాలుగుసార్లు ఫోన్లో ఆ మాఫీ బటను మీద వేలు పెట్టి, తీసేవాడు. నొక్కితే వాణ్ణి తనే చంపినట్టు. నొక్కకపోతే తనే ఇంకా పిలుస్తున్నట్టు.

పదకొండో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. డిపోలో దిమ్మల మీద చల్లే ఊక తడి వాసన, ఐసు కరిగి బొట్టు బొట్టుగా కారుతున్న చప్పుడు. షట్టరు సగం దించి, చార్జింగు లైటు ముందు మొగుడూ పెళ్లాలిద్దరూ కూర్చున్నారు.

"భరత్ గారికి గుర్తు చేశానండీ," అంది గుమాస్తా. ఎప్పుడూ లేనిది, ఒక క్షణం ఆగింది. "చేరింది."

సత్యవతమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఏమందీ?"

"చేరిందట," అన్నాడు వెంకటపతి.

"మెసేజీ చూశారండీ. వచ్చేశానన్నారు," అంది గుమాస్తా.

వెంకటపతి ఫోను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. "గుమాస్తా... ఎక్కడున్నాడు?"

"ఆయన ఫోను ఇక్కడే ఉన్నట్టు చూపిస్తోందండీ."

ఆవిడ లేచింది. అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. సగం దించిన షట్టరు, చప్పుడు లేకుండా, తనంతట తనే కిందికి జారి మూసుకుంది.

బయట... దబ్ మని ఓ చప్పుడు.

ఇరవై ఏళ్లుగా వింటున్న చప్పుడే. భుజం మీంచి ఐసు దిమ్మని గచ్చు మీద దించే చప్పుడు. మళ్లీ ఇంకోటి. అతను లెక్కపెడుతున్నాడు. మూడు... నాలుగు... అయిదు... ఆరు. ఆగింది.

తర్వాత దేన్నో ఈడుస్తున్నారు. చాలాసేపు. చాలా బరువైనదాన్ని. షట్టరు కింద నుంచి మడ అడవి బురద వాసన లోపలికి వచ్చింది.

"సరుకు వాపసు వచ్చిందండీ," అంది గుమాస్తా. "బాకీ ఇంకా కొట్టెయ్యలేదు. ఆరు దిమ్మలు ఇచ్చాం. ఏడు వచ్చాయి. ఏడోదాన్ని దేని కింద రాసుకోమంటారు?"

సత్యవతమ్మ చెయ్యి విడిపించుకుని షట్టరు ఎత్తేసింది.

మనిషి లేడు. వానలో ఆరు దిమ్మలు వరసగా ఉన్నాయి. పదకొండు రోజులైనా అంచు కూడా అరగలేదు. ఆ రోజు వెంకటపతి తన చేత్తో చల్లిన ఊక అలాగే అంటుకుని ఉంది. వాటి పక్కన ఏడోది. మనిషంత పొడుగు. లోపలంతా పాలలా తెల్లగా, ఏమీ కనపడకుండా.

ఆవిడ గచ్చు మీద కూలబడి, పసిపిల్లాడి ఒళ్లు తుడిచినట్టు దాని మీద నీళ్లు తుడిచింది. చెంప ఆనించింది.

"ఏవండీ... చల్లగా లేదు," అంది గుసగుసగా. "వెచ్చగా ఉంది."

వెంకటపతి చేతిలోంచి ఫోను రెండుసార్లు జారింది. "ఇవ్వక్కర్లేదు నాయనా... నువ్వేమీ ఇవ్వక్కర్లేదు. వెళ్లు," అంటూ మాఫీ నొక్కేశాడు. బతుకులో మొదటిసారి, వెనకాడకుండా.

"బాకీ రద్దయిందని భరత్ గారికి పంపానండీ."

ఏడో దిమ్మ లోపల, చొక్కా జేబు ఉండాల్సిన చోట, నీలంగా ఓ వెలుగు వెలిగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత మెల్లగా పైకి జరిగి... మొహం ఉండాల్సిన చోట ఆగింది.

"చూశారండీ," అంది గుమాస్తా.

వాన పడుతూనే ఉంది.

"జవాబు టైప్ చేస్తున్నారు."