ఆటో ఎక్కని అమ్మాయి

"అప్పడాల పక్కన బూట్లు పెట్టిందెవరే?"

అలివేలు డాబా మీది నుంచే అడిగింది. శైలజ మెట్లెక్కి వచ్చింది. పాత చీర మీద ఆరబెట్టిన అప్పడాలకు జానెడు దూరంలో తన బూట్లు బోర్లించి ఉన్నాయి.

"గీడనే ఎండ పడ్తదమ్మా. కడిగినవే."

"కడిగితే మాత్రం? రేపు కోదాడోళ్లకు గివే పెట్టాలె."

"అప్పడాలే పెట్టు. బూట్లు నేను ఏసుకుంట."

అలివేలు బూట్లను నీడలోకి జరిపింది. శైలజ ఎండలోకి జరిపింది. తల్లి మళ్లీ నీడలోకి.

రెండు రోజులుగా శైలజకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఆసియా చాంపియన్‌షిప్‌లో నడక పోటీకి ఆమె పేరు వచ్చింది. సోమవారం పొద్దున బెంగళూరు క్యాంపులో ఉండాలి. రాకపోతే పేరు తీసేస్తామని కోచ్ ఫోన్లో చెప్పాడు. అంటే ఆదివారం మధ్యాహ్నమే బస్సెక్కాలి. అదే ఆదివారం కోదాడ సంబంధం వాళ్లు పూలుపండ్లు తెస్తామన్నారు. అవి అందుకుంటే పెళ్లి ఖాయమైనట్టే.

ఇంట్లో చెప్పని ఈ క్యాంపు సంగతి రవీందర్ ఒక్కడికే తెలుసు.

అతను నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు షేర్ ఆటో నడుపుతాడు. ఈ రోడ్డు మీద ఎవరైనా గబగబా నడుస్తున్నారంటే ఆటో కోసం చూస్తున్నట్టే. డ్రైవర్ ఆగి ఎక్కించుకోవాలి. మొదటి రోజు అతనూ అలాగే ఆగాడు.

"ఎక్కు. ఇంకొకరికి జాగుంది."

"నాకొద్దు."

"మరెందుకు ఉరుకుతున్నవ్?"

"ఉరుకుతలేను, నడుస్తున్న. ఉరికితే పోటీల నుంచి తీసేస్తరు."

వెనక కూర్చున్న మైసమ్మ నడుము ఊపుతూ సాగే ఆ నడక వైపు జాలిగా చూసింది. "పిల్లకు నడుము పట్టినట్టుంది. దవాఖాన కాడ దించు బిడ్డా."

రెండో రోజూ ఆగాడు. మూడో రోజూ ఆగాడు. నాలుగో రోజు శైలజ నడుస్తూనే తిట్టింది. "నువ్వు ఆపినప్పుడల్లా నా టైం ఖరాబైతుంది."

ఆ తర్వాత అతను ఆపలేదు. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ఆమె నడకకు పట్టిన టైం చూసి, మెల్లగా పక్కకు వచ్చి, "అయిదు నిమిషాల ఆరు సెకండ్లు" అని చెప్పి వెళ్లిపోయేవాడు. ఆ సంఖ్య తగ్గిన రోజు అతని ముఖం వెలిగేది. అది చూడటానికే శైలజ ఇంకాస్త జోరుగా నడిచేది.

అప్పడాలు ఆరబెట్టిన ఆ శనివారమే ఆమె పాత బూట్లేసుకొని రోడ్డెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆటో ఖాళీగా వచ్చింది.

"ఇంట్ల చెప్పినవా?"

"లేదు."

"ఇంకెప్పుడు, విమానంల కూసున్నంకనా?"

"నువ్వే చెప్పరాదు?"

"నేనెవరినని చెప్పాలె?"

"ఎవరివో నువ్వే చెప్పు" అంది శైలజ, ముందుకే చూస్తూ.

ఆటో గుంతలో దిగి ఆగిపోయింది. ఆమె నడక ఆపలేదు. వెనక నుంచి వానలో అడుగుల చప్పుడు వినిపించింది.

"ఉరకకు, తీసేస్తరు" అంది తిరగకుండానే.

"తీసేస్తే తీసేయనీ. నువ్వు పోయి గెలుస్తవో ఓడతవో, వచ్చేదాక ఈడనే ఉంట. కోదాడకు మాత్రం పోకు శైలజా."

ఆమె అప్పుడు ఆగింది. అన్నాళ్లలో తనంతట తాను ఆగడం అదే మొదలు.

మధ్యాహ్నం తండ్రి దశరథ రైస్‌మిల్లు నుంచి అన్నానికి వచ్చాడు. అలివేలు పప్పుచారు పోస్తూ రేపటి పనులు ఒక్కొక్కటీ చెబుతోంది. శైలజ ముద్ద కలుపుతోందే కానీ తినడం లేదు.

"నాయినా, కోదాడోళ్లను రావద్దని చెప్పు. నాకు ఆసియా పోటీలల్ల పేరొచ్చింది. రేపు బెంగళూరు పోతున్న."

గరిటె ఆగింది. "ఒక్కరోజు ఆగితే ఏమైతదే?" అంది అలివేలు.

"పేరు ఖతమైతదమ్మా. ఇంకోటి గూడ ఉంది. చేసుకుంటే ఆటో రవీందర్‌నే చేసుకుంట."

దశరథ పప్పుచారు కలుపుకుంటూ అన్నాడు.

"ఆ ఆటో రోడ్డు మీద గంత మెల్లగ ఎందుకు పోతదో ఇప్పుడు తెలిసింది. ఇంజన్ పోయిందని మిల్లుల అందరం అనుకుంటున్నం."

శైలజ తలెత్తలేదు.

"కోదాడకు నేను ఫోన్ చేస్త. నువ్వు పోటీకి పో. నువ్వొచ్చినంక ఆ పిల్లగాని ఇంటికి మేమే పోతం."

అలివేలు కూతురి పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

"ముందు తిను. రేపు బస్టాండుకు నేను గూడ వస్త. నిన్ను సాగనంపనీకి వచ్చే గా ఆటో పిల్లగాడు ఎట్లుంటడో సూడాలె."