మంచినీళ్లు తాగిన పడవ

"మా ఆయన్ని చంపిందెవరో తేల్చండమ్మా!" అంటూ చిగుసా డిటెక్టివ్ కుజే గుమ్మంలోనే కూలబడింది.

ఈదురుగాలికి ఆమె భర్త యసుహిదే తెరచాప పడవ తిరగబడింది. అందులో వింత లేదు. కానీ పొట్టలో ఫోమ్ నింపిన చిన్న ఫైబర్ పడవ తిరగబడినా తేలాలి, దాన్ని పట్టుకుని మనిషి బతకాలి. అది రాయిలా మునిగింది. ఆ మధ్య దాని అడుగు కారుతుంటే బాగుచేసినవాడు మబుచి. రేవు రేవంతా అతన్నే హంతకుడంటోంది.

కుజే, ఆమె సహాయకుడు సెందా, పైకి తీసిన పడవను చూడటానికి షెడ్డుకు వెళ్లారు. కుజే ఫోమ్‌ను లోతుగా కోయించి, లోపలి ముక్కను పిండి, ఆ నీళ్లు నాలుకకు రాసుకుంది.

"నువ్వూ చూడవయ్యా."

సెందా ముఖం చిట్లించుకుంటూనే రుచి చూశాడు. "ఉప్పగా లేవు మేడమ్!"

కుజే అక్కడే నిలబడ్డ మబుచి వైపు తిరిగింది. "పడవ ఎక్కడుండేది?"

"ఒడ్డునేనండీ, ఎండకీ వానకీ. అడుగు గట్టిగానే మూశాను, ఒట్టు!"

తెరచాప కొయ్య పీకించి చూస్తే, దాని మొదలు దిగే చోట పడవకు తొలిచిన రంధ్రంలో చిన్న చెక్క బిరడా ఉంది. ఎంతో నున్నగా చిత్రిక పట్టిన పని. సెందా మనసు కీడు శంకించింది.

మర్నాడు కుజే అందరినీ అక్కడికే పిలిపించింది. చిగుసా తన మామగారు గెన్‌జో చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రేవులోని చెక్క పడవల్లో సగం ఆయన కట్టినవే.

"అడుగునుంచి వస్తే సముద్రపు నీళ్లు రావాలి. ఇవి వాననీళ్లు, పైనుంచి దిగాయి. మబుచి గారి తప్పేమీ లేదు" అంది కుజే. "కొయ్య మొదట్లో, పడవను కాపాడే దేవతను దాచి బిరడా కొట్టడం మీ ఆచారం. చెక్క పడవలో బిరడా, చెక్కా కలిసి ఉబ్బి బిగుసుకుంటాయి. ఫైబర్ ఉబ్బదు. ఎండకు బిరడా ముడుచుకుంటే సందు పడింది. ఏళ్ల తరబడి వాన దిగింది, ఫోమ్ తాగి బరువెక్కింది."

బిరడా కింద దొరికిన ఆ దేవతను ఆమె బల్లమీద పెట్టింది. రెండు కాగితపు బొమ్మలు, తడిసిన నల్లటి జుట్టుపాయ.

ముసలాయన మోకాళ్లమీద పడిపోయాడు. "నేనే పెట్టా. దేవత లేని పడవలో బిడ్డనెట్టా పంపేది? మునక్కూడదనే పెట్టానమ్మా!"

మబుచి ముఖం తిప్పుకుని ఏడ్చాడు.

"ఆ జుట్టు నాదే" అంది చిగుసా నెమ్మదిగా. "మామయ్య అడిగితే నవ్వుతూ కత్తిరించి ఇచ్చాను."

ఆమె వంగి ఆయన భుజం పట్టుకుంది. "లేవండి మామయ్యా. నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు మీరు. ఇంటికి పోదాం."

"నన్నింకా ఇంట్లో ఉండనిస్తావా తల్లీ?"

"మీరు తప్ప నాకెవరున్నారు?" అంటూ ఆమె ఆయన్ని లేవదీసింది.